ఎర్ర గిటారే కావాలి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో గిటార్ ఫినిష్‌ల (చెక్క మీద వేసే రంగు, పూత) గురించి నాలుగు ముక్కలు రాసి, రంగుల మీద సందేహాలుంటే పంపమన్నాను. నీలం, నలుపు, చెక్క రంగు, అన్నిటి మీదా వస్తాయనుకున్నాను. వచ్చిన ఉత్తరాల్లో ముప్పాతిక ఎరుపు మీదే. సరే, ఈసారి పేజీ మొత్తం ఎరుపుకే ఇచ్చేద్దాం.

ప్రశ్న: సర్, నా దగ్గర నాలుగు ఎలక్ట్రిక్ గిటార్లున్నాయి, నాలుగూ ఎర్రవే. ప్రతిసారీ ఈసారి వేరే రంగు కొందామనే వెళ్తాను, తీరా చూస్తే ఎర్రదాన్నే పట్టుకొస్తాను. మా ఆవిడ "ఇవన్నీ ఒకటే కదా, మళ్లీ ఎందుకు కొన్నావు" అంటోంది. నాలాంటివాళ్లు ఇంకా ఉన్నారా, లేక నాదొక్కడిదే పిచ్చా?

జవాబు: పిచ్చే, కాకపోతే అది మీ ఒక్కరిదీ కాదు, నిన్న మొన్న పుట్టిందీ కాదు. బోలెడంత మందికి గిటార్ మీద ప్రేమ వినడంతో కాదు, చూడడంతో మొదలవుతుంది. ఎవరో ఒకరు వేదిక మీద ఎర్ర గిటార్ పట్టుకుని కనిపిస్తారు, ఆ బొమ్మ చిన్నప్పుడే మనసులో పడిపోతుంది, ఇక ఆ తర్వాత ఎన్ని గిటార్లు చూసినా "అసలు గిటార్ అంటే అలా ఉండాలి" అనే అనిపిస్తుంది.

దీనికి అందరూ చెప్పుకునే ఉదాహరణ బ్రిటన్ గిటారిస్టు హ్యాంక్ మార్విన్. 1950ల్లో చాలాకాలం బ్రిటన్‌లోకి అమెరికా వాయిద్యాల దిగుమతి మీద ఆంక్షలుండేవి, అందువల్ల అక్కడి కుర్రాళ్లు అమెరికా ఫెండర్ కంపెనీ గిటార్లని రికార్డు అట్టల మీద చూడడమే తప్ప చేత్తో ముట్టుకున్నది తక్కువ. 1959లో గాయకుడు క్లిఫ్ రిచర్డ్ తన బృందంలో గిటార్ వాయించే మార్విన్ కోసం అమెరికా నుంచి ఫెండర్ వాళ్ల స్ట్రాటోకాస్టర్ (ముద్దుగా స్ట్రాట్) ఒకటి తెప్పించాడు. ఎర్ర బాడీ, బంగారు పూత ఇనుప సామాను, లేత రంగు మేపుల్ చెక్క నెక్ (తీగల కింద ఉండే మెడ). మార్విన్ వాయించిన ఆ బృందం, షాడోస్, పేరు మోగిపోవడంతో ఆ గిటారూ మోగిపోయింది. తర్వాత బ్రిటన్ దుకాణాలకి స్ట్రాట్ అంటే ఎర్ర స్ట్రాట్ అన్నట్టే అయింది. వేరే రంగులో వచ్చినవాటిని కూడా అక్కడే మళ్లీ ఎరుపు వేసి అమ్మిన సందర్భాలున్నాయి. ఇప్పుడు పాత గిటార్లు కొనేవాళ్లకి అదో పెద్ద తలనొప్పి, ఎందుకంటే ఎర్ర పెయింట్ కింద సన్‌బర్స్ట్ (మధ్యలో లేతగా, అంచులకి పోయేకొద్దీ ముదురుగా ఉండే రంగు) కనబడితే అది ఫ్యాక్టరీలో వేసిందా, దుకాణంలో వేసిందా అని వాదనలు తెగవు.

మార్విన్‌ని చూసి పెరిగినవాళ్లలో డైర్ స్ట్రెయిట్స్ బృందం గిటారిస్టు మార్క్ నాఫ్లర్ ఒకడు. అతనికి కావల్సింది ఎర్ర ఫెండర్, ఇంట్లో అంత స్తోమత లేదు. తండ్రి 50 పౌండ్లు పెట్టి హాఫ్నర్ కంపెనీ గిటార్ కొనిచ్చాడు. అది ఫెండర్ కాదు గానీ ఎరుపు మాత్రం ఎరుపే, పిల్లాడికి అది చాలు. పెద్దయ్యాక 1961 నాటి స్ట్రాట్ దొరికితే దానికీ ఎర్ర రంగు వేయించుకున్నాడు. తర్వాత అతన్ని చూసి ఎర్ర స్ట్రాట్ కొన్నవాళ్లెంతమందో! పింక్ ఫ్లాయిడ్ బృందం గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ 1984 నాటి ఎర్ర స్ట్రాట్‌తో ఏళ్ల తరబడి ప్రదర్శనలిచ్చాడు, 2019లో దాన్ని వేలం వేస్తే 6,15,000 డాలర్లు పలికింది. మరో బ్రిటన్ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ వాడిన 1964 నాటి చెర్రీ రంగు గిటార్, గిబ్సన్ కంపెనీ ఈఎస్-335 కి 2004 వేలంలో 8,47,500 డాలర్లు వచ్చాయి. రంగుకే అంత డబ్బు ఇచ్చారని నేననను, వాయించినవాళ్ల పేరుకే ఇచ్చారు. కానీ ఆ గిటార్లని జనం గుర్తుపెట్టుకున్నది మాత్రం రంగుతోనే. గిల్మోర్ గిటార్‌కి పేరే "రెడ్ స్ట్రాట్".

ఇక క్వీన్ బృందం గిటారిస్టు బ్రయన్ మే సంగతి. 1963లో తండ్రితో కలిసి ఇంట్లోనే గిటార్ తయారుచేయడం మొదలుపెట్టాడు, రెండేళ్లు పట్టింది, నెక్ కోసం పాత పొయ్యిగూడు అంచుకున్న మహాగనీ చెక్క వాడారు. దానికీ "రెడ్ స్పెషల్" అనే పేరు నిలిచింది. అమెరికా రాక్ గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్ అయితే మొదట నలుపు తెలుపు చారలతో ఉన్న తన గిటార్ మీద 1979లో సైకిళ్లకి వేసే ఎర్ర పెయింట్ కొట్టాడు, ఇప్పుడు ఆ ఎరుపు లేకుండా ఆ గిటార్‌ని ఊహించుకోలేం.

మీ నాలుగు గిటార్ల విషయానికొస్తే, మీ ఆవిడగారి మాటకి నా దగ్గర ఒక్కటే జవాబు ఉంది. నాలుగింటినీ పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టి చూపించండి. నాలుగూ ఒకే ఎరుపైతే ఆవిడే గెలిచినట్టు. అలా అయ్యే అవకాశం చాలా తక్కువ, ఎందుకో కింది జవాబులో ఉంది.

ప్రశ్న: ఫియెస్టా రెడ్, డకోటా రెడ్, క్యాండీ యాపిల్ రెడ్, చెర్రీ అంటూ రకరకాల పేర్లు చెబుతారు. ఫోటోలో ఒకలా ఉంటుంది, చేతికొచ్చాక ఇంకోలా ఉంటుంది. వీటిని విడమర్చి చెప్పగలరా?

జవాబు: ముందు ఒక్క గీత గీసుకోండి. చెక్కని కప్పేసే ఎరుపు ఒకటి, చెక్కని చూపించే ఎరుపు ఇంకొకటి. మిగతా పేర్లన్నీ ఈ రెండిట్లో ఏదో ఒకదాంట్లోకి వస్తాయి.

కప్పేసేవి ఎక్కువగా కార్ల పెయింట్ నుంచి వచ్చాయి. ఫెండర్ వాళ్లు ప్రత్యేకంగా గిటార్ రంగులంటూ కలుపుకోలేదు, డ్యూపాంట్ కంపెనీ కార్ల కోసం తయారుచేసిన డబ్బాలే కొని వాడారు. ఫియెస్టా రెడ్ 1956 ఫోర్డ్ థండర్‌బర్డ్ మీద ఉన్న రంగు, కాస్త నారింజ వైపు, కాస్త లేతగా ఉంటుంది. డకోటా రెడ్ దానికన్నా ముదురు, నిండు ఎరుపు. ఆ రోజుల్లో మామూలు సన్‌బర్స్ట్ వద్దు, ఇలాంటి రంగు కావాలంటే గిటార్ ధర మీద 5 శాతం అదనంగా కట్టాలి. ఇప్పుడు ఆ 5 శాతం కట్టిన గిటార్లకే పాతవాటి బజారులో గిరాకీ ఎక్కువ.

క్యాండీ యాపిల్ రెడ్ ఇంకో రకం, 1963లో ఫెండర్ జాబితాలోకి వచ్చింది. కాలిఫోర్నియాలో కార్లకి సొంతంగా రంగులేసే జో బైలాన్ లాంటివాళ్లు 1950ల్లో పట్టుకున్న కిటుకు అది. అడుగున వెండి లేదా బంగారు రంగు మెటాలిక్ కోటు, దాని మీద అడుగు కనబడేంత పారదర్శకమైన ఎరుపు, ఆ పైన రంగులేని క్లియర్ కోట్. వెలుతురు ఎర్ర పొర గుండా లోపలికి పోయి, అడుగున ఉన్న లోహపు రేణువుల మీద పడి, మళ్లీ ఎరుపు గుండానే బయటికొస్తుంది. అంటే రెండుసార్లు ఎరుపులో మునిగొస్తుందన్నమాట. అందుకే గిటార్ కాస్త తిప్పితే చాలు, రంగు మారినట్టుంటుంది. అడుగున వెండి ఉంటే చల్లని ఎరుపు, బంగారం ఉంటే వెచ్చని ఎరుపు. నాకు వ్యక్తిగతంగా ఎరుపుల్లో ఇదే ఎక్కువ ఇష్టం, కాకపోతే గీత పడితే బాగుచేయించడం నరకం.

చెక్కని చూపించే ఎరుపంటే గిబ్సన్ చెర్రీ. మహాగనీ చెక్క సహజంగానే ఎరుపు కలిసిన గోధుమ రంగులో ఉంటుంది, దానికి ఎర్ర డై (చెక్కలోకి ఇంకే రంగు) పట్టిస్తే చెక్క చారలు ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. ఈఎస్-335 గిటార్ 1958లో వచ్చింది, 1960 కల్లా చెర్రీలో కూడా దొరికింది. 1961లో వచ్చిన, ఇప్పుడు మనం ఎస్‌జీ అంటున్న రెండు కొమ్ముల గిటార్‌కి అదే అసలు రంగులా స్థిరపడిపోయింది. ఆంగస్ యంగ్, టోనీ అయోమీ, రాబీ క్రీగర్ లాంటి రాక్ గిటారిస్టుల పేర్లు చెప్పగానే కళ్ల ముందుకొచ్చేది ఆ రంగే. రికెన్‌బ్యాకర్ వాళ్ల ఫైర్‌గ్లో కూడా ఈ జాతిదే. మధ్యలో పసుపు, అంచులకి పోయేకొద్దీ గులాబీ కలిసిన ఎరుపు.

ఈ రెండు కాక మూడోది కూడా ఒకటుంది, చెప్పకపోతే వెలితిగా ఉంటుంది. అమెరికా రాక్ సంగీతకారుడు జాక్ వైట్ వాయించిన ఎర్ర ఎయిర్‌లైన్ గిటార్‌కి చెక్క బాడీయే లేదు. రెజిన్, ఫైబర్‌గ్లాస్ కలిపి అచ్చు పోసిన డొల్ల బాడీ అది, ఎరుపు ఆ అచ్చు పై పొరలోనే కలిసిపోయి ఉంటుంది. 1960ల్లో చవక గిటార్‌గా అమ్మారు, ఇప్పుడు చవక కాదు.

ఫోటోల సంగతి. డిజిటల్ కెమెరాకి ముద్ద ఎరుపంటే పడదు. కెమెరాలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా నమోదవుతాయి, నిండు ఎర్ర వస్తువు ముందు పెడితే ఎరుపు భాగం ఒక్కటే నిండి పొర్లిపోతుంది, మిగతా రెండూ దాదాపు ఖాళీగా ఉంటాయి. దాంతో మెలికలూ నీడలూ పోయి గిటార్ ఒక ఎర్ర మరకలా కనబడుతుంది. మీరే అమ్ముతుంటే ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించి, నీడలో, పగటి వెలుతురుకి తీయండి. కొంటుంటే, పక్కన తెల్ల కాగితం పెట్టి తీసిన ఫోటో ఒకటి పంపమని అడగండి. కాగితం తెల్లగా కనిపిస్తే ఎరుపుని నమ్మొచ్చు, కాగితమే పసుపుగా కనిపిస్తే నమ్మకండి. మార్విన్ గిటార్ అసలు ఎరుపా, గులాబీయా అని అభిమానులు ఇప్పటికీ కొట్టుకోవడానికి సగం కారణం ఈ ఫోటోలే.

ప్రశ్న: అన్నా, మొన్న మా కాలేజీ ప్రోగ్రాంలో నా కొత్త ఎర్ర గిటార్‌తో వాయించాను. వీడియో చూస్తే గిటార్ నల్లగా ఉంది! ఫ్రెండ్స్ "నువ్వు ఎర్రది కొన్నావన్నావు కదరా" అని ఏడిపిస్తున్నారు. ఏం జరిగింది?

జవాబు: తమ్ముడూ, తప్పు గిటార్‌ది కాదు, లైట్ల వాడిది. ఎర్ర వస్తువు ఎర్రగా కనబడాలంటే దాని మీద పడే వెలుతురులో ఎరుపు ఉండాలి. ఇప్పుడు వేదికల మీద వాడేవి ఎక్కువగా ఎల్ఈడీ లైట్లు, నీలం అంటే ఉత్త నీలమే వస్తుంది, అందులో ఎరుపు అనేది ఉండదు. నీ గిటార్ ఆ నీలాన్ని మింగేసి ఊరుకుంది, తిప్పి పంపడానికి దాని దగ్గర ఏమీ లేదు, అందుకే నలుపు. ఆకుపచ్చ లైటులోనూ ఇంతే.

ఇంకో సంగతి, వెలుతురు బాగా తగ్గినప్పుడు మన కన్ను కూడా రంగుల్లో ముందుగా ఎరుపునే వదిలేస్తుంది. మసక వెలుతురులో నీలం చొక్కా ఇంకా కనిపిస్తూనే ఉంటుంది, ఎర్రది అప్పటికే నల్లబడిపోతుంది. కాబట్టి ఈసారి ప్రోగ్రాంకి ముందు లైట్లు చూసుకునే అన్న దగ్గరికెళ్లి, నీ సోలో వచ్చేటప్పుడు ముందు నుంచి మామూలు తెల్ల లైటు కొంచెం కలపమని అడుగు. వెనకాల నీలం ఎంతున్నా పర్లేదు, అప్పుడు ఎర్ర గిటార్ ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఎర్ర లైటు వేయమని మాత్రం అడక్కు. నీ చొక్కా, నీ మొహం, గిటార్ అన్నీ ఒకే రంగులో కలిసిపోతాయి.

ప్రశ్న: ఎర్ర గిటార్లకి సౌండ్ వేరేగా ఉంటుందా?

జవాబు: ఉండదు. పెయింట్ మందం గురించి వాదించుకోవాలంటే వాదించుకోవచ్చు, రంగు గురించి వాదించడానికేమీ లేదు. ఎర్రది పట్టుకుంటే మీరు వేగంగా వాయిస్తారంటే మాత్రం నేను కాదనను, అది మీకూ ఆ గిటార్‌కీ మధ్య విషయం.

ప్రశ్న: కిటికీ పక్కన గోడకి తగిలించిన చెర్రీ రంగు గిటార్ రెండేళ్లలో ఒకవైపు వెలిసిపోయింది. పిక్‌గార్డ్ (బాడీ మీద గీతలు పడకుండా బిగించే పలక) తీసి చూస్తే దాని కింద ఇంకా ముదురు ఎరుపు ఉంది. కంపెనీ మోసమా? మళ్లీ పాత రంగు తెప్పించొచ్చా?

జవాబు: మోసం అనలేను. ఎరుపులో ఇది పుట్టుకతో వచ్చే గుణం, ముఖ్యంగా చెక్కకి పట్టించే డై విషయంలో. ఎర్ర రంగు పదార్థం వెలుతురులోని నీలం, ఆకుపచ్చ భాగాన్ని, దాంతోపాటు కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలనీ పీల్చుకుంటుంది. శక్తి ఎక్కువున్నది ఆ భాగానికే. అది రోజూ తగులుతుంటే రంగునిచ్చే అణువులు విరిగిపోతాయి, విరిగాక అవి ఎరుపు చూపించవు. పెయింట్‌లో వాడే పిగ్మెంట్ అయితే చిన్న చిన్న గింజలుగా ఉంటుంది, పైన ఉన్న అణువులు పోయినా లోపలివి మిగులుతాయి, అందుకని కాస్త ఎక్కువ కాలం నిలుస్తుంది. డై పూర్తిగా కరిగిపోయి ఉంటుంది, ఏ అణువుకీ చాటు లేదు. కిటికీ అద్దం ఉంది కదా అనుకోకండి, మామూలు అద్దం అతినీలలోహితంలో కొంత ఆపుతుంది, కొంత వదిలేస్తుంది.

దీని మీద గిటార్ చరిత్రలో ఒక తమాషా ఉంది. గిబ్సన్ 1958లో లెస్ పాల్ గిటార్‌కి బంగారు రంగు తీసేసి చెర్రీ సన్‌బర్స్ట్ వేయడం మొదలుపెట్టింది, మధ్యలో పసుపు, అంచుల్లో ఎరుపు. కొన్నాళ్లకి ఆ ఎరుపు వెలిసిపోవడం మొదలైంది. దుకాణం అద్దాల్లో వేలాడినవి ఇంకా త్వరగా పోయాయి. కొన్నిట్లో ఎరుపు జాడే లేకుండా తేనె రంగు మిగిలింది, కొన్ని టీ రంగుకి, కొన్ని నిమ్మపండు రంగుకి దిగాయి. కంపెనీ దాన్ని లోపం కిందే లెక్కేసి 1960లో వెలవని ఎరుపుకి మారింది. ఆ కొత్త ఎరుపు మరీ ముదురుగా, నారింజ కలిసినట్టు ఉందని సేకర్తలు దానికి టమాటా సూప్ అని పేరు పెట్టారు. ఇప్పుడు జనం లక్షల డాలర్లు పోసి వెతుక్కునేది వెలిసిపోయినవాటిని! ఏ గిటార్ ఎంత అందంగా వెలిసిందో దాన్నిబట్టి బేరం. కొత్త గిటార్లని కూడా ఫ్యాక్టరీలోనే వెలిసినట్టు రంగేసి ఎక్కువ ధరకి అమ్ముతున్నారు.

పోయిన డై తిరిగి రాదు. పైన ఎర్ర పొర వేయించొచ్చు గానీ, మీ గిటార్ ఒకవైపే వెలిసింది కాబట్టి రెండు వైపులూ కలిసేలా వేయడం కష్టం. నేనైతే ముట్టుకోను. గోడ మార్చి, ఇప్పుడు రెండో వైపుకి కాస్త ఎండ తగలనివ్వండి అని కూడా సలహా ఇస్తారు కొందరు, అది మాత్రం వినకండి. వేడికి జిగురు, నెక్ రెండూ దెబ్బతింటాయి.

ప్రశ్న: నా సన్‌బర్స్ట్ స్ట్రాట్ తరహా గిటార్‌కి ఎర్ర పెయింట్ వేద్దామనుకుంటున్నాను. స్ప్రే డబ్బాలు కొనేశాను కూడా. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: డబ్బాలు కొనేశాక అడిగారు, సరే. ముందు ఒక్కటి తేల్చుకోండి, ఆ గిటార్ పాతదా, మామూలుదా? నలభై యాభై ఏళ్ల నాటి అసలు ఫినిష్ ఉన్న గిటార్ అయితే డబ్బాలు పక్కన పెట్టేయండి. పాత గిటార్‌కి మళ్లీ పెయింట్ వేస్తే విలువ దాదాపు సగానికి పడిపోతుందని బజారులో అందరూ అనుకునే లెక్క. కొత్తగా, చవకగా కొన్నదైతే హాయిగా వేసుకోండి.

పాత ఫినిష్ మొత్తం చెక్క దాకా గీకక్కర్లేదు. ఫ్యాక్టరీ ఫినిష్ గట్టిగా, సమంగా ఉంటుంది, దాని మెరుపు పోయేంత వరకు సన్నటి సాండ్‌పేపర్‌తో రుద్దితే చాలు, కొత్త పెయింట్ పట్టుకుంటుంది. దుమ్ము పీల్చకండి, మాస్క్ పెట్టుకోండి. రెండు భాగాలు కలిపి వాడే కార్ల పెయింట్ జోలికి మాత్రం ఇంట్లో వెళ్లొద్దు. అందులో ఐసోసయనేట్లుంటాయి, ఊపిరితిత్తులకి చాలా ప్రమాదం, మామూలు గుడ్డ మాస్క్ దాన్ని ఆపదు.

తర్వాత అందరూ ఇరుక్కునే చోటు. ఎర్ర పెయింట్‌కి కప్పే గుణం తక్కువ. నలుపు ఒక్క కోటుకే కప్పేస్తుంది, ఎరుపు అలా కాదు, అడుగున ఏముందో పైకి చూపిస్తూనే ఉంటుంది. మీది సన్‌బర్స్ట్ కాబట్టి అంచుల్లో నలుపు, మధ్యలో పసుపు ఉన్నాయి, నేరుగా ఎరుపు కొడితే ఎన్ని కోట్లు వేసినా అంచులు మాడినట్టే ఉంటాయి. అందుకని మొత్తం ఒకే రంగు ప్రైమర్ (అడుగు పూత) వేయాలి. తెల్ల ప్రైమర్ మీద ఎరుపు వెలుగుతుంది, కొంచెం నారింజగా కూడా అనిపిస్తుంది, బూడిద రంగు ప్రైమర్ మీద లోతుగా, ముదురుగా వస్తుంది. పాత చెక్క ముక్క మీద రెండూ వేసి చూసుకుని అప్పుడు గిటార్ ముట్టుకోండి.

పల్చటి కోట్లు వేయండి, తొందరపడి ఒకేసారి చిక్కగా కొడితే కారుతుంది. ఎర్ర కోటుని రుద్దాల్సి వస్తే ఆ ఎర్ర దుమ్మంతా తుడిచేశాకే క్లియర్ వేయాలి, లేకపోతే అది క్లియర్‌లో కలిసి అక్కడక్కడా గులాబీ మేఘాలు తేలతాయి. క్యాండీ యాపిల్ డబ్బా కొని ఉంటే మాత్రం మొదటి ప్రయత్నానికి వద్దు. అందులో ప్రతి అదనపు కోటుకీ రంగు ముదురుతుంది, చెయ్యి ఎక్కడ నెమ్మదించిందో అక్కడ మరక తేలుతుంది, అంచుల్లో రెట్టింపు పడి నల్లబడుతుంది.

నెక్ వచ్చి కూర్చునే గుంటకి టేప్ వేసి మూసేయండి. అక్కడ పెయింట్ పేరుకుంటే నెక్ సరిగ్గా దిగదు, దిగినా కోణం మారి తీగల ఎత్తు దెబ్బతింటుంది. తీగలు ఆనే బ్రిడ్జ్ కిందకో, వెనక స్ప్రింగుల దగ్గరికో పోయే ఎర్త్ వైరు ఎక్కడుందో విప్పేముందే ఫోటో తీసుకోండి, అది మర్చిపోయి బిగించినవాళ్లే తర్వాత "గిటార్ గుయ్యిమంటోంది" అని నాకు ఉత్తరాలు రాస్తారు. నైట్రో (నైట్రోసెల్యులోజ్ లాకర్) పెయింట్ అయితే వేశాక మూడు నాలుగు వారాలు ముట్టుకోకుండా వేలాడదీయండి. ఆ మూడు వారాలూ ఆగగలిగినవాడే అసలు పెయింటర్, మనలో చాలామంది మూడో రోజుకే బిగించి వేలిముద్రలు శాశ్వతంగా వేసుకుంటాం.

ప్రశ్న: మా అమ్మాయికి పన్నెండేళ్లు. మొదటి గిటార్ కొందామని తీసుకెళ్తే అక్కడున్న ఎర్ర ఎలక్ట్రిక్ గిటార్ తప్ప వేరేది చూడనంటోంది. దుకాణంలో అబ్బాయి, పక్కనున్న గోధుమ రంగుది "సీరియస్‌గా నేర్చుకునేవాళ్లకి మంచిది" అన్నాడు. ఏది కొనమంటారు?

జవాబు: అమ్మా, రెండూ దాదాపు ఒకే స్థాయివైతే ఎర్రదే కొనండి, ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు. సీరియస్ అనేది రంగుతో రాదు. మొదటి ఏడాది వేళ్లు నొప్పి పుడతాయి, తీగలు గరగరమంటాయి, పాట ఒక్కటీ రాదు. ఆ రోజుల్లో పిల్ల దాన్ని మళ్లీ చేతిలోకి తీసుకోవాలనిపించడమే ముఖ్యం, ఎరుపు ఆ పని చేస్తే చేయనివ్వండి. మార్క్ నాఫ్లర్ తండ్రి చేసిందీ ఇదే కదా.

కానీ కొనేముందు రంగుని మర్చిపోయి కొన్ని చూడండి. ఫ్రెట్ల (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీల) చివర్లు నెక్ పక్కన చేతికి గీసుకుపోకూడదు. తీగలు మెడ మీద మరీ ఎత్తుగా ఉండకూడదు, ఉంటే అక్కడే తగ్గించివ్వమని అడగండి. ట్యూన్ చేసి పది నిమిషాలు వాయించి మళ్లీ చూడండి, బాగా దిగిపోతే ట్యూనింగ్ పెగ్‌లు నాసిరకం అయ్యుండొచ్చు. అమ్మాయి కూర్చుని పట్టుకున్నప్పుడు మొదటి ఫ్రెట్ దాకా చెయ్యి సులువుగా అందాలి, అందకపోతే పొట్టి నెక్ ఉన్న గిటార్ చూడండి, వాటిల్లోనూ ఎరుపు దొరుకుతుంది. బరువు కూడా చూడండి, పెద్దవాళ్ల గిటార్లు కొన్ని నాలుగు కిలోలు దాటతాయి. ఈ పరీక్షల్లో ఎర్రది ఓడిపోయి గోధుమ రంగుది నెగ్గితే, అప్పుడు గోధుమ రంగుది కొనకండి, ఇంకో ఎర్రది వెతకండి.

ప్రశ్న: అకూస్టిక్ గిటార్లలో ఎరుపు ఎందుకు తక్కువ? కనిపించేవి కూడా చవకవే. నాకు మంచి ఎర్ర అకూస్టిక్ కావాలి.

జవాబు: అకూస్టిక్‌లో పైచెక్కే స్పీకర్. అది స్వేచ్ఛగా కంపించాలి కాబట్టి దాని మీద ఫినిష్ ఎంత పల్చగా ఉంటే అంత మంచిది. చెక్కని పూర్తిగా కప్పేసే ఎర్ర పెయింట్, దాని కింద ప్రైమర్, పైన క్లియర్, ఇవన్నీ కలిస్తే మందం పెరుగుతుంది. పైగా మంచి స్ప్రూస్ చెక్కకి డబ్బు పెట్టినవాడు దాన్ని దాచాలనుకోడు. ముద్ద రంగు కింద ఎలాంటి చెక్కైనా, ప్లైవుడ్డైనా దాగిపోతుంది, చవక గిటార్లకి ఆ సౌకర్యం నచ్చింది. కొనేటప్పుడు మధ్యలో ఉన్న గుండ్రటి రంధ్రం అంచుని దగ్గరగా చూడండి. చెక్క చారలు పై నుంచి కింద దాకా ఒకటిగా సాగితే నిజమైన పలక, పొరలు పొరలుగా కనబడితే ప్లై.

ఎర్రది, మంచిది రెండూ కావాలంటే పారదర్శకంగా ఉండే ఎరుపు చూడండి. గిబ్సన్ హమింగ్‌బర్డ్ 1960లో చెర్రీ సన్‌బర్స్ట్‌లోనే వచ్చింది, ఇప్పటికీ దాని గుర్తింపు అదే. అదే తరహా రంగుతో ఇతర కంపెనీలు తక్కువ ధరల్లోనూ చేస్తున్నాయి. పూర్తి మహాగనీ బాడీకి పల్చటి ఎర్ర డై వేసినవీ బాగుంటాయి, శబ్దం కాస్త మెత్తగా, గుండ్రంగా ఉంటుంది.

ప్రశ్న: ఎరుపు మీద ఏ పిక్‌గార్డ్ బాగుంటుంది?

జవాబు: ఫియెస్టా రెడ్ లాంటి లేత ఎరుపు మీద తెలుపు, లేదా పాతబడిన తెలుపు. క్యాండీ యాపిల్ మీదా తెలుపే, నల్లది పెడితే మరీ బరువుగా ఉంటుంది. చెర్రీ మీద నలుపు. తాబేటి చిప్ప డిజైన్ ఎరుపు మీద నాకు నచ్చదు, ఎర్ర గోధుమ మీద ఎర్ర గోధుమ, కళ్లకి విశ్రాంతి ఉండదు. మీకు నచ్చితే పెట్టుకోండి, మూడు నాలుగు స్క్రూల పని కాదు గానీ, స్ట్రాట్‌కైతే పదకొండు స్క్రూల పనే కదా.

ప్రశ్న: మా నాన్నగారి పాత ఎర్ర గిటార్ అంచుల్లో తెల్లగా ఉండాల్సిన పట్టీ గులాబీ రంగుకి తిరిగింది. తడి గుడ్డతో ఎంత తుడిచినా పోవట్లేదు. థిన్నర్ పెట్టి తుడవమంటారా?

జవాబు: థిన్నర్ డబ్బా వెంటనే మూసేయండి! ఆ పట్టీని బైండింగ్ అంటారు, ప్లాస్టిక్‌తో చేస్తారు. పక్కనున్న ఎర్ర డై ఏళ్ల తరబడి మెల్లగా ఆ ప్లాస్టిక్‌లోకి ఇంకిపోయింది. మరక పైన లేదు, లోపల ఉంది, అందుకే గుడ్డకి రావట్లేదు. నైట్రో ఫినిష్ అయితే థిన్నర్ తగిలిన చోట పెయింట్ కరుగుతుంది, ఎరుపు ఇంకా పారి తెల్లగా మిగిలిన చోటు కూడా పోతుంది, బైండింగ్ కూడా మెత్తబడొచ్చు.

పాత చెర్రీ గిటార్లలో ఇది మామూలే, ఒక రకంగా ఫినిష్ అసలుదే అనడానికి అదీ ఒక ఆనవాలు. తప్పదు, తెల్లగానే కావాలంటే, గిటార్లు బాగుచేసే మంచి పనివాడు పైనున్న క్లియర్ తీసి, బైండింగ్‌ని బ్లేడుతో వెంట్రుకవాసి గీకి, మళ్లీ క్లియర్ వేస్తాడు. రంగు లోతుగా దిగి ఉంటే దానితోనూ పూర్తిగా పోదు. గిటార్‌ని పెట్టే స్టాండ్ కూడా ఒకసారి చూసుకోండి. నైట్రో ఫినిష్‌కి రబ్బరు, కొన్ని రకాల ప్లాస్టిక్ పడవు, ఆనుకున్న చోట మెత్తబడి అంటుకుంటుంది. స్టాండ్ చేతులకి నూలు గుడ్డ చుట్టండి, భుజానికి తగిలించుకునే పట్టీ తోలుది కాకుండా ప్లాస్టిక్‌ది వాడుతుంటే గిటార్ పెట్టెలో పెట్టేముందు దాన్ని తీసేయండి.